నడుము నొప్పి, హాజిరి భయం: ఆదిత్యపూర్ చెప్పే లెక్కలు

ఆదిత్యపూర్‌లో రోజుని మూడు అంకెలు పంచుకుంటాయి. పొద్దున 6కి ఏ షిఫ్టు, మధ్యాహ్నం 2కి బీ, రాత్రి 10కి సీ. ఆ వేళల్లో టాటా-కాండ్రా రోడ్డు మీద సైకిళ్ళు, బైకులు, ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. ఖర్కాయ్ నదికి అవతల జంషెడ్‌పూర్, ఇవతల ఆదిత్యపూర్. జిల్లా వేరు, ఇది సరాయికెలా-ఖర్సావాన్‌లోకి వస్తుంది. అయినా ఇక్కడి పొయ్యి వెలిగేది అవతలి ఒడ్డున తయారయ్యే లారీలతోనే. 1972లో ఇక్కడ పారిశ్రామికవాడ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇప్పుడు చిన్నవీ పెద్దవీ కలిపి వెయ్యికి పైగా యూనిట్లున్నాయి. వాటిలో చాలాభాగం టాటా మోటార్స్‌కి విడిభాగాలు చేసి పంపేవే. ప్రెస్ షాపు, ఫోర్జింగ్, కాస్టింగ్, మెషీనింగ్. పని ఏదైనా వంగాలి, ఎత్తాలి, గంటల తరబడి నిలబడాలి.

అవతలి ఒడ్డున ఉన్న ఉక్కు పట్టణం జంషెడ్‌పూర్‌కి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తాతల నాడే జనం వచ్చారు. ఆ పల్లెల్లో ఇప్పటికీ జంషెడ్‌పూర్ అనరు, "మావోడు టాటాలో ఉన్నాడు" అంటారు. ఆ టాటావాళ్ళు సంక్రాంతికి ఊరొచ్చి, అరుగు మీద నుంచి లేవడానికి మోకాలి మీద చెయ్యి ఆనించినప్పుడు పెద్దవాళ్ళు అడుగుతారు: "ఏటయ్యిందిరా నడుముకి?" జవాబు రెండు రకాలుగా వస్తుంది. "డిస్కు జారిందట మావయ్యా" అన్నది ఒకటి. "ఏం లేదట, అంతా టెన్షనేనట" అన్నది రెండోది. రెండిట్లోనూ కొంత నిజముంది. రెండూ మనిషిని దారి తప్పించేవే. మొదటిది ఎముకని చూసి మనిషిని మరిచిపోతుంది. రెండోది నొప్పినే కాదంటుంది. నాకు రెండోదాని మీదే ఎక్కువ కోపం.

లెక్క చెప్పడానికి ఒక మనిషి కావాలి కాబట్టి ఒకర్ని ఊహించుకుందాం. వయసు 42. ప్రెస్ షాపులో పని. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద నెలకి 18,000 రూపాయలు. నడుము నొప్పి మొదలై 14 నెలలు. ఈయన కల్పితమే. ఈయన చుట్టూ పేర్చబోయే పరిశోధనల అంకెలు మాత్రం నిజమైనవి.

వైద్యుల లెక్కలో 3 నెలలు దాటిన నొప్పి దీర్ఘకాలిక నొప్పి. దెబ్బ తగిలిన కండ, నరం, కీలు మామూలుగా ఆ లోపు మానాలి. మానాక కూడా నొప్పి ఉంటే దాని కథ వేరు. 2020లో ప్రపంచంలో నడుము నొప్పితో ఉన్నవాళ్ళు 61.9 కోట్లమంది. 2050 నాటికి 84.3 కోట్లు అవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2018లో వెలువడిన ఒక సర్వేలో వయోజనుల్లో దాదాపు 19 శాతానికి ఏదో ఒక దీర్ఘకాలిక నొప్పి ఉందని తేలింది. అంటే సీ షిఫ్టుకి ఒకే ఆటోలో ఐదుగురు కూర్చుంటే వాళ్ళలో ఒకరు. ఇంకో అంకె కూడా గుర్తుంచుకోవాలి: నడుము నొప్పుల్లో సుమారు 90 శాతానికి, ఇదిగో ఇక్కడ విరిగింది, ఇక్కడ నలిగింది అని వేలు పెట్టి చూపించగల ఒకే కారణం దొరకదు.

ఇక్కడ మనవాళ్ళు ఎమ్మారై తీసి చూపిస్తారు. "డిస్కు ఉబ్బిందట, గ్యాప్ వచ్చిందట." నిజమే, ఉబ్బి ఉండవచ్చు. కానీ 2015లో ఒక పరిశోధక బృందం నొప్పి అనేదే లేని 3,110 మంది స్కానుల ఫలితాలని ఒకచోట చేర్చి చూసింది. 20 ఏళ్ళవాళ్ళలోనే 30 శాతానికి డిస్కు ఉబ్బు కనబడింది. 40 ఏళ్ళవాళ్ళలో 50 శాతానికి ఉబ్బు, 68 శాతానికి డిస్కు అరుగుదల. 80 ఏళ్ళకి ఈ అంకెలు 84, 96. వీళ్ళెవరికీ నొప్పి లేదని మరోసారి చెబుతున్నాను. మన 42 ఏళ్ళ మనిషి స్కానులో ఉబ్బు కనబడితే అది తల నెరిసినట్టు వయసు గుర్తు కావచ్చు, నొప్పికి కారణం కాకపోనూ వచ్చు. ఈ ఒక్క సంగతి స్కాను చేతికిచ్చిన రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎంత భయం తప్పేదో. నడుములో ఏదో విరిగిపోయి ఉందన్న భయంతో వంగడం మానేస్తారు, నడక మానేస్తారు. వాడని కండ బలం తగ్గుతుంది. బలం తగ్గిన కండకి చిన్న బరువూ పెద్దదే.

సైనికుడి గాయం, కూలివాడి నడుము

రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ వైద్యుడు ఇటలీ యుద్ధరంగంలో పనిచేశాడు. తీవ్రంగా గాయపడ్డ 215 మంది సైనికులని గమనించాడు. ఎముకలు విరిగినవాళ్ళు, పొట్ట, ఛాతీ గాయపడ్డవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. నొప్పికి మందు కావాలా అని అడిగితే మూడింట ఒక వంతు మందే కావాలన్నారు. యుద్ధం అయ్యాక ఆయనే ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకున్న 150 మంది మామూలు మగవాళ్ళని చూశాడు. వాళ్ళ గాయాలు సైనికుల గాయాలకన్నా చిన్నవి. అయినా ఐదుగురిలో నలుగురికి పైగా మందు అడిగారు.

తేడా ఎక్కడుంది? సైనికుడికి ఆ గాయం ఇంటికి టికెట్టు. బతికి బయటపడ్డానన్న కబురు. మామూలు మనిషికి ఆ కోత ఆపద, ఖర్చు, ఇంటి దిగులు. నొప్పి ఎంత అన్నదాన్ని గాయం సైజొక్కటే నిర్ణయించదు, ఆ గాయం మన బతుక్కి ఏం చేస్తుందన్న భయమూ నిర్ణయిస్తుందని బీచర్ వాదించాడు.

ఇప్పుడు ఆదిత్యపూర్ ప్రెస్ షాపుకి రండి. నడుములో పోటు పుట్టిన క్షణాన మన మనిషి బుర్రలో ఏం తిరుగుతుంది? రేపు హాజిరి పడుతుందా? నాలుగు రోజులు రాకపోతే ఠేకేదారు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడా? పిల్ల ఫీజు? ఊళ్ళో ఇంటి అప్పు? సైనికుడి గాయం బతుకుని కాపాడింది. ఈయన నొప్పి బతుకుని బెదిరిస్తోంది. ఈ కథనంలో నేను నిలబడి చెప్పదలచిన మాట ఇదే: టెన్షన్ వల్ల అన్నప్పుడు ఆ టెన్షన్ మనిషి మనసులో గాలిలోంచి పుట్టినది కాదు. దానికి కూలి రేటు ఉంది, షిఫ్టు టైము ఉంది, ఆర్డర్ల పుస్తకం ఉంది.

2019 వేసవి దాటాక ఇది ఊరంతటికీ ఒకేసారి తెలిసింది. ఆ ఏడు వాహనాల అమ్మకాలు కుప్పకూలాయి. ఆగస్టులో దేశంలో మధ్యరకం, భారీ వాణిజ్య వాహనాల అమ్మకాలు అంతకు ముందేడు ఆగస్టుతో పోలిస్తే సగానికి పైగా పడిపోయాయి. జంషెడ్‌పూర్ లారీల ఫ్యాక్టరీలో బ్లాక్ క్లోజర్లు, అంటే కొన్ని రోజులపాటు పని ఆపేయడాలు, మొదలయ్యాయి. ఫ్యాక్టరీ మూడు రోజులు ఆగితే నది ఇవతల యూనిట్లలో షిఫ్టులు ఎగిరిపోతాయి. ముందుగా ఇంటికి పంపేది ఠేకా మనుషులనే. అలాంటి నెలల్లో ఎత్తిన బరువు తగ్గుతుంది. నొప్పికి బరువే కారణమైతే నొప్పి కూడా తగ్గాలి. కానీ పని లేక ఇంట్లో కూర్చున్న మనిషి నడుము హాయిగా ఉంటుందని ఏ కార్మికుడూ చెప్పడు.

అమెరికాలో విమానాల తయారీ కార్మికుల మీద చేసిన ఒక అధ్యయనం 1991లో వెలువడింది. 3,020 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. చేసే పనిలో దాదాపు ఎప్పుడూ సంతోషం లేదన్నవాళ్ళు, సంతోషం ఉందన్నవాళ్ళకన్నా నడుము గాయం అయిందని చెప్పడం 2.5 రెట్లు ఎక్కువ. ఈ అంకెని యాజమాన్యాలు కార్మికుడి మీదికి తిప్పడం సులువు, పనంటే ఇష్టం లేదు కాబట్టి నొప్పంటున్నాడని. ఈ అంకె చెప్పేది అది కాదు. మనిషిని ఎలా పని చేయిస్తున్నామన్నది కూడా నడుము మీద పడే బరువే అని చెబుతోంది.

తూము, కాపలా కుక్క

శరీరంలో ఇది ఎలా జరుగుతుంది? 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో ఒక తలుపు లాంటిది ఉందని ప్రతిపాదించారు. మన కాలువల భాషలో దాన్ని తూము అనుకోవచ్చు. కండ నుంచి, కీలు నుంచి వచ్చే సంకేతాలన్నీ ఆ తూము దాటే మెదడుకి చేరాలి. తూము ఎంత తెరవాలో కొంతవరకు పైనున్న మెదడే చెబుతుంది. నిశ్చింతగా ఉన్నప్పుడు కొంచెం మూస్తుంది. ఆపద అనిపించినప్పుడు తెరిచిపెడుతుంది. సూక్ష్మ వివరాలు తరవాత చాలా మారాయి కానీ మెదడు నుంచి కిందికి దిగే ఆ అదుపు ఉందన్నది నిలిచింది.

ఒత్తిడి మొదలైన క్షణాల్లో అడ్రినలిన్ వస్తుంది, మరో ఇరవై ముప్పై నిమిషాల్లో కార్టిసాల్ పెరుగుతుంది. ఇది మంచి ఏర్పాటే. కుక్క వెంటబడితే కాల్లో ముల్లు తెలియదు. కానీ ఈ ఏర్పాటు నిమిషాలకోసం తయారైంది, నెలలకోసం కాదు. రోజూ, వారాల తరబడి భయం ఉంటే వ్యవస్థ తిరగబడుతుంది. కండలు బిగుసుకుపోయి ఉంటాయి, మెడ, భుజాలు, నడుము ముఖ్యంగా. నిద్ర తెగుతుంది. వాపుని అదుపు చేసే పని గాడి తప్పుతుంది. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ మరో సంగతి చూపించాడు: పదే పదే నొప్పి సంకేతాలు వస్తే వెన్నుపాములోని కణాలే అతి సున్నితంగా మారతాయి. దొంగ వచ్చి వెళ్ళిపోయాక కూడా ఆకు కదిలితే మొరిగే కాపలా కుక్కలాగన్నమాట. కుక్క మొరుగు అబద్ధం కాదు. వీధిలో దొంగ మాత్రం లేడు.

ఈ చక్రం రెండు వైపులా తిరుగుతుంది. 2025లో 50 దేశాల అధ్యయనాలని కలిపి చూసిన ఒక విశ్లేషణలో దీర్ఘకాలిక నొప్పి ఉన్న వయోజనుల్లో సుమారు 40 శాతానికి కుంగుబాటు లక్షణాలు, అంతే శాతానికి ఆందోళన లక్షణాలు ఉన్నాయని తేలింది. నొప్పి దిగులు పుట్టిస్తుంది, దిగులు తూము తెరుస్తుంది. ముందేది, వెనకేది అని తగువులాడే బదులు ఎక్కడ పట్టుకుంటే చక్రం ఆగుతుందో వెతకడం మేలు.

మూడు ప్రశ్నల పుస్తకం

ముందు కొలవాలి. "ఎలా ఉంది?" అంటే "అలాగే ఉంది" అంటాం. దాంతో డాక్టరుకీ ఏమీ తెలియదు, మనకీ తెలియదు. వైద్యంలో వాడే చిన్న కొలత ఒకటుంది, మూడే ప్రశ్నలు. గడిచిన వారంలో సగటున నొప్పి ఎంత? నొప్పి మీ సంతోషానికి ఎంత అడ్డొచ్చింది? మామూలు పనులకి ఎంత అడ్డొచ్చింది? ఒక్కోదానికి 0 నుంచి 10 లోపు అంకె. మూడూ కలిపి 3తో భాగించాలి. మన మనిషి 7, 8, 6 రాశాడనుకుందాం. మొత్తం 21, సగటు 7. కొన్ని వారాల తరవాత 5, 5, 4 రాస్తే మొత్తం 14, సగటు సుమారు 4.7. అంటే మూడో వంతు తగ్గింది. 30 శాతం తగ్గితే అది నిజమైన మార్పే అని పరిశోధకులు లెక్కిస్తారు. నొప్పి సున్నాకి రాలేదని నిరుత్సాహపడేవాళ్ళకి ఇది చాలా అవసరమైన సంగతి. ఏడు నుంచి ఐదుకి రావడమంటే పిల్లాణ్ణి ఎత్తుకోగలగడం, బజారుకి నడిచి వెళ్ళగలగడం.

ఆ పుస్తకంలోనే నిద్ర గంటలూ రాయాలి. నిద్ర మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఆదిత్యపూర్ లాంటి ఊళ్ళో అన్నిటికన్నా ముందు దోపిడీ అయ్యేది అదే. వయోజనుడికి 7 గంటలైనా కావాలి. సీ షిఫ్టు 6కి దిగి, ఇల్లు చేరి, స్నానం, టిఫిన్ అయ్యేసరికి 8. ఎండ, వీధి గోల, పిల్లలు. 12కి మెలకువ. అంటే 4 గంటలు. రోజుకి 3 గంటల లోటు, వారానికి 6 రోజులు, మొత్తం 18 గంటలు. నొప్పి వల్ల నిద్ర చెడడంకన్నా నిద్ర చెడడం వల్ల మర్నాటి నొప్పి పెరగడమే బలంగా కనబడుతోందని ఈ రంగంలో పరిశోధనలని సమీక్షించినవాళ్ళు అంటున్నారు. షిఫ్టు మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. కొన్ని ఉన్నాయి. టీలోని కెఫీన్ సగం కరగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. తెల్లవారుజామున 3కి తాగిన టీ, 8కి పక్క మీద వాలేసరికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. ఆ ఒక్క గ్లాసుని రాత్రి 12కి జరపవచ్చు. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టవచ్చు. ఫోను ఇంకో గదిలో పెట్టవచ్చు. 12కి లేచాక సాయంత్రం మరో గంటన్నర పడుకోవడం బద్ధకం కాదు, అది కూడా నిద్ర లెక్కే.

తరవాత నడక. 2024లో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన వెలువడింది. నడుము నొప్పి తగ్గి అప్పుడే కోలుకున్న 701 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఫిజియోథెరపిస్టు మెల్లగా నడక పెంచే పద్ధతి నేర్పించాడు, వారానికి 5 సార్లు, 30 నిమిషాల దాకా. నొప్పి మళ్ళీ రావడానికి నడవనివాళ్ళకి మధ్యస్థంగా 112 రోజులు పట్టింది, నడిచినవాళ్ళకి 208 రోజులు. ఇప్పుడే నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం మొదటి రోజే అరగంట నడవకూడదు. 20 నిమిషాలకి నొప్పి పెరుగుతోందంటే 16 దగ్గర ఆగాలి. బాగున్న రోజైనా 16, బాగాలేని రోజైనా 16. తరవాతి వారం ఒకటి రెండు నిమిషాలు కలపాలి. బాగున్న రోజు బరువులన్నీ మోసేసి తరవాత మూడు రోజులు పక్క ఎక్కడం మనవాళ్ళ అలవాటు. చక్రానికి నూనె పోసేది అదే. షాపులో ఎనిమిది గంటలు నిలబడ్డాం కదా, ఇంక నడకెందుకని అడుగుతారు. నిలబడడం వేరు, భయం లేకుండా, చేతులూపుకుంటూ, మన ఇష్టానికి నడవడం వేరు. ఆ నడకతో మెదడుకి అందే కబురు: నడుము విరగలేదు.

ఊపిరి సంగతి చిన్నది. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. 5 సెకన్లు లోపలికి, 5 సెకన్లు బయటికి అయితే నిమిషానికి 6. పది నిమిషాలు చేస్తే గుండె వేగం, కండల బిగువు కాస్త దిగుతాయి. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు 1929లో పుస్తకంగా వెలువరించిన పద్ధతి కూడా ఇలాంటిదే. పాదం నుంచి ముఖం దాకా ఒక్కో కండని బిగించి వదలడం. పక్క మీద పడుకునే చేయవచ్చు, పైసా ఖర్చు లేదు.

మనసుతో చేసే చికిత్సలు ఎంత పనిచేస్తాయి? 2016లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 342 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి 8 వారాల ధ్యాన శిక్షణ. 1979లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన పద్ధతి అది. రెండో గుంపుకి ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చే చికిత్స. మూడోదానికి మామూలు వైద్యం. 26 వారాలకి రోజువారీ పనులు చెప్పుకోదగ్గంత మెరుగుపడ్డవాళ్ళు ధ్యానం గుంపులో సుమారు 61 శాతం, రెండో గుంపులో 58, మామూలు వైద్యంలో 44. అంటే వందమందిలో అదనంగా పద్నాలుగు పదిహేడుమంది. ఇది అద్భుతం కాదు, తీసిపారేసేదీ కాదు. 2022లో వెలువడిన మరో ప్రయోగంలో 151 మంది ఉన్నారు. నొప్పి అంటే గాయం కాదు, అతి జాగ్రత్తపడ్డ మెదడు ఇస్తున్న తప్పు హెచ్చరిక అని 4 వారాలపాటు ఓపిగ్గా నేర్పిస్తే 66 శాతం మందికి నొప్పి పోయింది లేదా దాదాపు పోయింది. ఉత్తుత్తి సూది వేసినవాళ్ళలో 20 శాతం, మామూలు వైద్యంలో 10 శాతం. ఒకే ఊరి ప్రయోగం, నొప్పి మరీ తీవ్రంగా లేనివాళ్ళు. అందుకని ఈ అంకెని చూసి ఎగిరి గంతేయక్కర్లేదు. కానీ కుక్కకి దొంగ లేడని నేర్పించవచ్చన్న ఆశ ఇందులో ఉంది.

ఈ సాయం దొరికేదెక్కడ? హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అన్నట్టే ఈ ప్రాంతంలో కాంకే అన్నది తిట్టులా మారింది. రాంచీ పక్కన కాంకేలో 1918లో మొదలైన కేంద్ర మనోరోగ వైద్య సంస్థ ఉంది, 1925లో మొదలైన రిన్‌పాస్ ఉంది. రెండూ తలెత్తుకుని వెళ్ళదగ్గ ఆసుపత్రులే. అంత దూరం వెళ్ళేముందు 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 ఉంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నొప్పి గురించి మనసు డాక్టరుతో మాట్లాడితే పిచ్చి అని ముద్ర పడదు. పడుతుందన్న భయంతో 14 నెలలు గడిపేస్తాం.

840 బిళ్ళలు

మన మనిషి రోజుకి రెండు నొప్పి బిళ్ళలు మింగుతున్నాడనుకోండి. 14 నెలలు, 420 రోజులు, 840 బిళ్ళలు. ఇక్కడ శ్రీకాకుళం మూలాలున్నవాళ్ళు ప్రత్యేకంగా ఆగి వినాలి. ఉద్దానం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలని తినేసిందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు, నొప్పి బిళ్ళలే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మందులు కిడ్నీకి రక్తం అందించే ఏర్పాటుని బిగిస్తాయన్నది తేలిన సంగతి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కొలిమి ముందు ఎనిమిది గంటలు చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగకుండా, బీపీ మందుతో పాటు ఈ బిళ్ళ వేసుకోవడం మూడు వైపుల నుంచీ ముట్టడి. బిళ్ళ అసలు వద్దని కాదు. నొప్పి ఎగదన్నిన కొద్ది రోజులకి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. నెలల తరబడి మందుల షాపు నుంచి తెచ్చుకుని వాడుతున్నవాళ్ళు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంటే ఈ పరీక్ష ఇంక వాయిదా వేయకూడదు.

బెల్టు సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, అవగాహన, మనసుకి సంబంధించిన చికిత్సలు, మసాజు లాంటివి మంచివంది. అందరికీ అలవాటుగా ఇచ్చే నడుము బెల్టులు, బరువు కట్టి లాగే ట్రాక్షన్, మత్తు కలిగించే ఓపియాయిడ్ మందులు వద్దంది. మన ఊళ్ళల్లో ముందు చేతికొచ్చేవి బెల్టూ ట్రాక్షనే.

అన్నిటికీ ముందు ఒక జాగ్రత్త. మల మూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలు రోజురోజుకీ బలహీనపడడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పాత క్యాన్సర్, పెద్ద దెబ్బ. వీటిలో ఏది ఉన్నా ఊపిరి వ్యాయామాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెన్నెముకకి వచ్చే టీబీ మన దేశంలో ఇంకా ఉంది.

ఇక హాజిరి భయానికి మందు ఊపిరిలో దొరకదు. అది ఈఎస్ఐ అనే కార్మిక బీమా కార్డులో కొంత దొరుకుతుంది. నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళు దీని కిందికి వస్తారు, ఠేకా మనుషులు కూడా. మన మనిషి 18,000 జీతంలో 0.75 శాతం, అంటే 135 రూపాయలు కోత. యాజమాన్యం కట్టేది 3.25 శాతం, అంటే 585. మొత్తం నెలకి 720. ఆరు నెలల వంతులో కనీసం 78 రోజుల చందా పడి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్టు మీద ఏడాదికి 91 రోజుల దాకా సెలవు భృతి వస్తుంది, జీతంలో 70 శాతం. రోజు కూలి 600 అనుకుంటే సుమారు 420. మొదటి రెండు రోజులకి సాధారణంగా రాదు. ఆదిత్యపూర్‌లోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. నడుము పట్టేసిన రోజున సున్నా రూపాయలకీ 420 రూపాయలకీ మధ్య ఉన్న తేడా బీచర్ చూసిన తేడాలాంటిదే, నొప్పి అర్థాన్నే మారుస్తుంది. కానీ 135 కోత పడుతోందో లేదో, పడింది ఖాతాకి చేరుతోందో లేదో చూసుకోనివాళ్ళు చాలామంది. పే స్లిప్పు ఈ నెలే చూడండి. ఇలాగే మరో అంకె: 1948 ఫ్యాక్టరీల చట్టం నాడే వారానికి 48 గంటలు, అంతకు మించితే రెట్టింపు కూలి అని రాసింది. రోజుకి 12 గంటలు, వారానికి ఆరు రోజులు చేస్తే 72. ఆ 24 గంటలు నడుము మీదా నిద్ర మీదా పడుతున్నాయి, డబ్బు మాత్రం సరిగ్గా పడుతోందా అని అడగడం కూడా వైద్యంలో భాగమే అని నా నమ్మకం.

ఇంతసేపూ మగవాడి నడుమే చెప్పాను. నడుము నొప్పి ప్రపంచమంతటా ఆడవాళ్ళలోనే ఎక్కువ. ఏ షిఫ్టు 6కి అంటే, డబ్బా కట్టడానికి ఆవిడ లేచేది 4కి. సీ షిఫ్టు రోజున ఆయన పగలు పడుకోవాలని పిల్లల్ని బయట ఆపేదీ ఆవిడే. బిందె, పొయ్యి, అత్తగారి మంచం, అన్నీ వంగే పనులే. ఆవిడకి హాజిరి లేదు, 91 రోజుల భృతీ లేదు. భర్త కార్డు మీద వైద్యం మాత్రం ఉంది, ఆ సంగతి చాలా ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు. కాబట్టి ఆ మూడు ప్రశ్నల పుస్తకంలో గడులు గీసేటప్పుడు రెండు వరసలు గీయాలి. ఆదివారం సాయంత్రం టీ తాగుతూ ఆయన తన మూడు అంకెలు రాశాక, పెన్ను ఆవిడ చేతికివ్వాలి.